ఓటు లేని కోడళ్లు

యూరోపియన్ యూనియన్‌లో ఉందామా, బయటికొచ్చేద్దామా అని బ్రిటన్ 2016 జూన్ 23న తన జనాన్నే అడిగింది. అంతకుముందు కొన్ని నెలలు ఇళ్లల్లో భోజనాల దగ్గర కూడా అదే వాదన. "మన చట్టాలు మనం చేసుకోవద్దూ? వలస వచ్చేవాళ్లకి అంతుండొద్దూ?" అని పెద్దవాళ్లు. "ఫ్రాన్సులోనో జర్మనీలోనో ఉద్యోగం చేసుకునే వీలు పోదూ?" అని పిల్లలు. చివరికి 51.9 శాతం ఓట్లతో బయటికొచ్చేద్దామన్నవాళ్లే నెగ్గారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఈ లెక్క కాదు, అసలు ఓటెవరికుందన్నది. అక్కడ నివాసముండే కామన్వెల్త్ దేశాలవాళ్లకి ఉంది. అంటే భారత పాస్‌పోర్టుతో భర్త వెంట లండన్ వెళ్లి కాపురం పెట్టిన మన గుంటూరు అమ్మాయి కూడా ఓటేయొచ్చు. ఇంగ్లీషువాణ్ణి పెళ్లాడి, ఇరవై ఏళ్లుగా అక్కడే పన్నులు కడుతున్న జర్మన్ ఇల్లాలు బ్రిటిష్ పౌరసత్వం తీసుకోకపోతే ఆవిడకి మాత్రం లేదు! భర్తకి ఓటు, పద్దెనిమిది నిండిన పిల్లలకి ఓటు. ఎవరి బతుకు గురించి మాట్లాడుకుంటున్నారో ఆవిడ వింటూ కూర్చోవాలి. (పుట్టింటి ఆస్తి పంపకాలప్పుడు మన పరిస్థితిలాగే అనుకోండి.) 2014లో స్కాట్లండ్ విడిపోవాలా అని అడిగినప్పుడు అక్కడుండే యూరప్ వాళ్లకీ, పదహారేళ్ల పిల్లలకీ కూడా ఓటిచ్చారు. మనసుంటే ఇవ్వొచ్చన్నమాటేగా!

2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చేసింది. అలాంటి ఇల్లాళ్లలో చాలామంది తమ ఇంట్లో తాము ఉండడానికే 2021 జూన్ 30లోగా దరఖాస్తు పెట్టుకోవాల్సొచ్చింది.