రెండు ఆఫర్ లెటర్లు, ఒక ఒప్పందం

గత షాబాన్ మాసంలో ఒక ఆదివారం అసర్ నమాజు ముగిసిన తరువాత, ఒకప్పుడు మా వద్ద ఖుర్‌ఆన్ పారాయణం నేర్చుకొన్న యువకుడొకడు మదర్సాకు వచ్చాడు. ఇంజినీరింగ్ చదివి, నాలుగేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సలాం చెప్పి కూర్చొని, ఫోనులో రెండు ఉత్తరాలు తెరిచి మా ముందుంచాడు. "ఉస్తాద్, రెండు కంపెనీల నుండి ఆఫర్లు వచ్చాయి. ఇస్తిఖారా నమాజు విధానం మరొకసారి చెప్పండి" అన్నాడు.

విధానం చెప్పడం మాకు సులభమే. రెండు రకాతుల నఫిల్ నమాజు, ఆ పిమ్మట హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు అందిన దుఆ. అయితే నేటి యువతలో చాలామంది ఇస్తిఖారాను కలలో జవాబు చూపే సాధనంగా భావిస్తున్నారు. ధర్మసమ్మతమైన రెండు మార్గాలలో ఏది మేలో తెలియనప్పుడు దాసుడు తన వ్యవహారాన్ని ప్రభువుకు అప్పగించుకోవడమే ఇస్తిఖారా. రెండింటిలో ఒకటి అధర్మమైతే అక్కడ ఇస్తిఖారాకు తావే లేదు. అందువల్ల ముందు ఆ ఉత్తరాలలో ఏమున్నదో చెప్పమన్నాము.

మొదటిది ఆసుపత్రుల రికార్డులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక మధ్యతరహా సంస్థ. ఏడాదికి 12 లక్షలు. రెండవది 17 లక్షలు. ఐదు లక్షల తేడా అనగానే మేమూ ఒక క్షణం ఆ రెండవ ఉత్తరం వైపే చూశామని ఒప్పుకోవాలి. ఫరాయిజ్, అనగా వారసత్వ వాటాల లెక్కలు బోధించే అలవాటు వల్ల కాబోలు, ఆ అంకెలను విడదీసి చెప్పమని అడిగాము. అప్పుడు తెలిసింది. 17లో రెండు లక్షలు 'వేరియబుల్ పే', అంటే కంపెనీ బాగుండి, పనితీరు నచ్చితే వచ్చే సొమ్ము. ఒక లక్ష జాయినింగ్ బోనస్, అది మొదటి ఏడు మాత్రమే. ఏడాదిలోపు మానేస్తే దానిని తిరిగి చెల్లించాలి. యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి మరొక లక్ష. గ్రాట్యుటీ పేరిట బేసిక్ జీతంలో 4.81 శాతాన్ని ప్యాకేజీలో చూపుతారట గాని, కొన్నేళ్ల సర్వీసు నిండకుండా వెళ్లిపోయే ఉద్యోగికి అది సాధారణంగా అందదు. ఇవన్నీ తీసివేస్తే నికరంగా మిగిలేది 13 లక్షలు. మొదటి సంస్థలో వేరియబుల్ లేదు, బోనస్ లేదు. పీఎఫ్, గ్రాట్యుటీలకు 85 వేలు పోగా 11 లక్షల 15 వేలు. ఐదు లక్షలనుకొన్న తేడా రెండు లక్షల లోపుకు దిగివచ్చింది. ఆదాయపు పన్ను ఇంకా తీయనే లేదు.

ఇక ఇంటర్వ్యూల సంగతి అతడు చెబుతుండగా మేము ఆసక్తితో విన్నాము. మొదట ఆన్‌లైన్‌లో గంటన్నర గడువులో రెండు మూడు సమస్యలకు ప్రోగ్రాములు వ్రాయాలి. తరువాత ఒక అనుభవజ్ఞుడు వీడియోలో చూస్తూ ఉండగా మరొక సమస్యను పరిష్కరించాలి. ఎందుకలా చేశావని అడుగుతూ ఉంటాడు, జవాబు చెబుతూ వ్రాయాలి. ఆ పైన సిస్టమ్ డిజైన్, అంటే లక్షలాది మంది ఒకేసారి వచ్చిపడినా కూలిపోని వ్యవస్థను ఎలా నిర్మిస్తావన్న ప్రశ్న. చివర హెచ్‌ఆర్. ఆరు నెలలపాటు ప్రతిరోజు ఫజర్ తరువాత రెండు గంటలు అభ్యాసం చేశాడట.

మాకు మద్‌యన్ బావి గుర్తుకు వచ్చింది. హజ్రత్ మూసా (అలై) అక్కడ ఇద్దరు బాలికల పశువులకు నీరు తోడిపెట్టారు. ఆయనను పనిలో పెట్టుకోమని వారిలో ఒకరు తండ్రికి చెప్పినప్పుడు బలాన్ని, విశ్వసనీయతను రెండింటినీ పేర్కొన్న వైనం ఖసస్ సూరాలో ఉన్నది. బావి దగ్గర బలం తెలిసిపోతుంది. నేటి కోడింగ్ పరీక్షలు కూడా ఆ బావి వంటివే. విశ్వసనీయతను మాత్రం ఏ పరీక్షా తేల్చలేదు. అది మనిషి తన వెంట తెచ్చుకోవలసిందే.

ఈ మాట ఎందుకంటున్నామంటే, కొన్ని కన్సల్టెన్సీలు డబ్బు తీసుకొని లేని అనుభవాన్ని బయోడేటాలో చేర్చి ఇస్తున్నాయి. ఒకరి బదులు మరొకరు ఇంటర్వ్యూలో కూర్చోవడం కూడా జరుగుతున్నది. "అందరూ చేసేదే" అని మన పిల్లలు సైతం అనడం మేము విన్నాము. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచి, పొడి ధాన్యాన్ని పైన పోసిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన ఉదంతం తెలియని వారు మనలో లేరు. లేని మూడేళ్ల అనుభవం ఆ తడి ధాన్యమే. పైగా పీఎఫ్ యూఏఎన్ సంఖ్య వచ్చాక ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో వెలికితీయడం కంపెనీలకు కష్టం కావడం లేదు. మా యువకుడు ఆ దారి తొక్కలేదు, అల్‌హమ్దులిల్లాహ్.

అతని చిక్కు వేరు. మొదటి సంస్థకు పది రోజుల క్రితమే అంగీకారం తెలుపుతూ సంతకం చేసి పంపాడు. చేరవలసిన తేదీ మూడు వారాలలో ఉన్నది. రెండవ ఆఫర్ ఆ తరువాత వచ్చింది.

"ఉస్తాద్, అందరూ ఇలాగే చేస్తారు. నోటీసు పీరియడ్ మూడు నెలలుంటుంది కనుక, ఆ మూడు నెలలలో నాలుగైదు ఆఫర్లు చేతిలో పెట్టుకొని, చేరే రోజున ఎక్కువ ఇచ్చిన చోటికి వెళతారు. మిగతా వారి ఫోను ఎత్తరు."

కంపెనీలు మాత్రం తక్కువ తిన్నాయా అన్నది అతని వాదం. అందులో నిజం లేకపోలేదు. 2022 తరువాత ఆఫర్ లెటర్లు అందుకొన్న ఎందరో పట్టభద్రులు చేరిక తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. కొందరికి ఆ ఆఫర్లే రద్దయ్యాయి. అది అన్యాయమే. కాని ఒకరి మాట తప్పడం మరొకరికి మాట తప్పే హక్కు నివ్వదు. బేరం సాగుతున్నంత సేపు ఎవరు ఎక్కువ ఇస్తారో చూడడం తప్పు కాదు, వేలంపాట మన ధర్మంలో సమ్మతమే. నా వద్ద మరొక ఆఫర్ ఉన్నదని నిజం చెప్పి జీతం పెంచమని అడగడమూ తప్పు కాదు. లేని ఆఫర్ ఉన్నదనడం అబద్ధం. ఒప్పందం కుదిరిన పిమ్మట దానిని నెరవేర్చమని మాయిదా సూరా మొదటి వాక్యమే ఆదేశిస్తున్నది. తప్పనిసరి కారణముంటే ఆ సంస్థకు ముందుగానే నిజం చెప్పి, విడుదల చేయమని కోరాలి గాని, చేరే రోజున మాయం కాకూడదు.

మద్‌యన్ పెద్దాయన షరతులను ముందుగానే స్పష్టంగా చెప్పారు. ఎనిమిదేళ్లు తప్పనిసరి, పదేళ్లు పూర్తి చేస్తే అది నీ మంచితనం అన్నారు. మూసా (అలై) ఆ రెండు గడువులలో పెద్దదానినే పూర్తిచేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు. జుమా నమాజుకు సమయం ఇస్తారా అని మొదటి సంస్థను మా యువకుడు ముందే అడిగాడట. మధ్యాహ్నం గంటన్నర వెళ్లి, సాయంత్రం ఆ పని పూర్తిచేయవచ్చునన్నారు. రెండవచోట అడగలేదు. అడిగితే ఆఫర్ చేజారుతుందేమోనని భయపడ్డాడు.

ఆ రెండవ సంస్థ చేసే పని ఏమిటని చివరగా అడిగాము. కాసేపు మౌనంగా ఉండి, ఫోనుల ద్వారా అప్పులిచ్చే యాప్‌లకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుందన్నాడు. అతని జట్టు చేయవలసిన పని వడ్డీ, ఆలస్యపు రుసుము లెక్కగట్టే భాగం. వడ్డీ తినేవారితోపాటు దానిని వ్రాసే లేఖకుణ్ణి కూడా దైవప్రవక్త (స) శపించారని జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆనాటి లేఖకుడు కలంతో వ్రాశాడు. ఈనాడు ఆ లెక్కను ప్రోగ్రాముగా వ్రాసేవాడు ఎవరు? బ్యాంకుతో ఏ సంబంధమున్న ఉద్యోగమైనా హరామే అని మేము అనడం లేదు. వడ్డీ వ్యవహారంలో నేరుగా పాల్గొనడానికి, దూరపు సంబంధానికి ఉలమాలు తేడా చూపారు, ఒక్కొక్కరి పనిని బట్టి ముఫ్తీని అడగాలి. ఇక్కడ మాత్రం మాకు సందేహానికి తావు కనిపించలేదు. ఆ మాటే చెప్పాము.

మరునాడు అతని తండ్రి వచ్చారు. మాకు చిన్ననాటి నుండి తెలిసినవారు. ఇంటి కోసం బ్యాంకులో అప్పు చేశారు. ఇంకా ఏడేళ్ల వాయిదాలున్నాయి. చిన్న కూతురి నికాహ్ ఎదురుగా ఉన్నది.

"మౌలానా సాబ్, నా మెడ వడ్డీలోంచి బయటపడాలనే కదా వాడిని ఎక్కువ జీతానికి వెళ్లమన్నాను. మీ ఇల్లు అప్పులో లేదు గనుక మీకు చెప్పడం సులభం" అన్నారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మేము ఉండేది మదర్సా ఇచ్చిన గదులలో. మాకు అప్పు చేయవలసిన అవసరమే రాలేదు, అది మా తఖ్వా కాదు. ఒక వడ్డీని తీర్చడానికి వేయి ఇళ్లకు వడ్డీ లెక్కగట్టే పని సరి కాదని మెల్లగా అన్నాము. నికాహ్‌ను మస్జిదులో, వలీమాను ఇంటి ముందే పెట్టుకొంటే మిగిలే సొమ్ము, కుమారుని జీతం పెరిగిన మేర కలిసి ఏటా అసలులో ఎంత కట్టవచ్చునో కాగితం మీద వేసి చూపాము. ఏడేళ్లు నాలుగున్నరేళ్లకు వచ్చింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నారు గాని, ముఖం విప్పలేదు.

వెళుతూ వెళుతూ మరొక మాటన్నారు. చిన్న కూతురు కూడా ఇదే చదువు చదివింది. ఇంటి నుండి చేసే ఉద్యోగం ఒకటి, రాత్రి షిఫ్టుతో ఎక్కువ జీతమిచ్చేది ఒకటి వచ్చాయట. తాము రెండవదానికి సరే అన్నారట. అమ్మాయిని అడిగారా అన్నాము. అడగలేదు. స్త్రీ సంపాదన స్త్రీదేనని నిసా సూరా చెబుతున్నదని గుర్తుచేసి, రాత్రి పన్నెండుకు క్యాబులో ఎవరు వస్తారో, తోడుగా ఎవరుంటారో, ఆమెకు ఏది ఇష్టమో ముందు ఆమెనే అడగమని చెప్పాము. ఈ విషయంలో మాత్రం ఆయన తలూపారు.

యువకుడు ఆ వారమే రెండవ సంస్థకు నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాశాడు. ఇదివరకే మరొక సంస్థకు మాట ఇచ్చానని, వడ్డీ లెక్కల పని తన విశ్వాసానికి విరుద్ధమని రెండు కారణాలూ దాచకుండా చెప్పాడు. పంపేముందు మాకు చదివి వినిపించాడు. ధన్యవాదాలు తెలుపుతూ ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. రమజాన్ మొదటి వారంలో ఆసుపత్రుల సంస్థలో చేరాడు. తండ్రి మాకు సలాం చెబుతున్నారు గాని మునుపటిలా ఆగి మాట్లాడడం లేదు. మేము వ్రాసి ఇచ్చిన ఆ కాగితం మాత్రం వారి ఇంట్లో గోడ క్యాలెండరుకు గుచ్చి ఉన్నదని, మొదటి నెల అదనపు వాయిదా కట్టారని కుమారుడు ఫోనులో చెప్పాడు.