ఇంటియందు మోటారు సైకిలు సామానుకు పౌడరు రంగు – నేత ఇండ్లవారు గమనింపవలసిన సంగతులు

కాట్పాడి, గుడియాత్తం ప్రాంతములలో మన నేత కుటుంబములకు మోటారు సైకిలు ఇప్పుడు విలాస వస్తువు గాదు. నూలు చిలపలు తెచ్చుటకును, నేసిన కైలీలు సంఘమునకు చేర్చుటకును అదియే ఆధారము. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు కంపెనీ ఏర్పడిన తరువాత తయారైన పాత బుల్లెట్టు బండ్లను తండ్రి నుండి కొడుకు తీసికొని నడుపుచున్న ఇండ్లు కూడ కలవు. ఇట్టి బండ్ల కాలిగార్డు, స్టాండు, క్యారియరు తుప్పు పట్టినపుడు, డబ్బా రంగు పూయుటకు బదులు “పౌడరు కోటింగు” ఇంటియందే చేసికొనవచ్చునా, ఇతరులకు చేసిపెట్టి నాలుగు రూపాయలు సంపాదింపవచ్చునా అని మన యువకులు కొందరు సంఘ కార్యాలయమున అడుగుచున్నారు. ఆ పనిలో ఇంటియందు చేయదగిన భాగము కొంత కలదు. మగ్గమున్న ఇంటిలో చేయరాని భాగమును కలదు. రెంటిని వేరుచేసి చెప్పుటకే ఈ వ్యాసము.

డబ్బా రంగులో తిన్నరు కలియును. అది గాలిలో కలిసిపోగా రంగు మిగులును. పౌడరు కోటింగులో తిన్నరు లేదు. ప్లాస్టికు జాతి బంక, రంగు, గట్టిపరచు మందు కలిపి కరగించి, చల్లార్చి, మైదాపిండి వలె మెత్తగా విసరిన పొడి అది. ఈ పద్ధతికి ఆద్యుడు ఎర్విన్ గెమ్మర్ అను జర్మను దేశస్థుడు. 1950ల తొలి సంవత్సరములలో ఆయన గాలితో పొంగించిన పొడిలో వేడి సామానును ముంచి పూత వేయు విధానము కనిపెట్టెను. తుపాకివంటి సాధనముతో చల్లు పద్ధతి 1960లలో వచ్చెను. ఆ తుపాకి పొడికి విద్యుదావేశము నిచ్చును. సామానుకు ఎర్తు తీగె కట్టియుండుటచే పొడి దానినంటుకొనును. చలికాలపు పొడిగాలిలో పాలియెస్టరు నూలు చేతికి, బట్టకు ఎట్లు అతుక్కొనునో మనవారికి తెలియనిది కాదు. అదియు ఇదియు ఒకే సూత్రము. పొడి పట్టిన సామానును పొయ్యిలో కాల్చగా పొడి కరగి, పారి, బిగుసుకొనును. ఒకసారి బిగిసిన పూత మరల వేడిచేసినను కరగదు.

పని బాగుండుటయు చెడుటయు ముఖ్యముగ శుభ్రము చేయుటలోనే యున్నది. అద్దకమునకు ముందు నూలును సోడా, సబ్బు నీటిలో ఉడకబెట్టి జిడ్డు తీయకున్న రంగు మచ్చలు మచ్చలుగ పట్టునని మన అద్దకపువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇనుమునకును అంతే. గొలుసు నూనె, గ్రీజు అంటిన సామానును మొదట వేడి సోడా నీటితో కడిగి, మంచినీటితో రెండుమార్లు జాడించవలెను. తరువాత పాత రంగును, తుప్పును తీగె బ్రష్షుతో, ఎమెరీ కాగితముతో మెరుపు వచ్చువరకు తీయవలెను. శుభ్రపడిన ఇనుమును వట్టి చేతితో ముట్టరాదు. చేతి జిడ్డు చాలును పూత లేచిపోవుటకు. ఆనాడే పూత వేయవలెను, లేనిచో రాత్రి చెమ్మకు మరల తుప్పు పట్టును. కొందరు ఏటి ఇసుకను గాలితో కొట్టి తుప్పు రాల్చెదరు. అది చేయరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను మానని వ్యాధి కలిగించును. స్ప్రింగులను యాసిడులో నానవేయుట కూడ తప్పు. యాసిడు వలన గట్టి ఉక్కు లోలోపల పెళుసై, బండి నడుచుచుండగా విరుగవచ్చును.

మరలు తిరుగు చోట్లను, బేరింగు కూర్చుండు చోట్లను వేడికి ఓర్చు టేపుతో, సిలికాను బిరడాలతో మూయవలెను. బ్యాటరీ ఎర్తు బిగించు చోటును మరువరాదు. పూత విద్యుత్తును పోనీయదు గనుక, ఆ చోటు కప్పబడినచో బండి దీపములు వెలుగక, కారణము తెలియక మెకానిక్కు చుట్టు తిరుగవలసి వచ్చును. సామాను వ్రేలాడదీయు కొక్కెమును కూడ ప్రతిసారి గీకి శుభ్రము చేయవలెను. దానిపై వెనుకటి పూత పేరుకొనియున్న ఎర్తు అందదు. పొడి సగము పట్టి సగము రాలును. లోతైన మూలలలోనికి పొడి సరిగ పోదు. అంచుల వద్ద విద్యుత్ శక్తి ఎక్కువై పొడి అచ్చటనే ఆగును. అట్టి చోట్ల తుపాకి శక్తి తగ్గించి, ముందుగా మూలలు నింపి, తరువాత మిగిలినది చల్లుట పనివారి అలవాటు.

ఇక కాల్చుట. చాలవరకు పొడులకు 180 నుండి 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడి, 10 నుండి 20 నిమిషముల కాలము కావలెను. ఖచ్చితమైన లెక్క పొడి డబ్బాపై ఉండును. ఆ లెక్క పొయ్యిలోని గాలికి గాదు, లోహమునకు. దళసరి స్టాండు ఆ వేడికి వచ్చుటకే చాలసేపు పట్టును. అప్పటినుండి నిమిషములు లెక్కింపవలెను. తొందరపడి తీసిన పూత చూపునకు నిగనిగలాడును గాని, నెల తిరుగకుండ పెచ్చులూడును. కైలీ రంగు పక్కాదో కచ్చాదో తెల్లగుడ్డ తడిపి రుద్ది చూచినట్లే, దీనిని కూడ చల్లారిన తరువాత తిన్నరు తడిపిన గుడ్డతో మెల్లగ రుద్ది చూడవచ్చును. గుడ్డకు రంగు బాగుగ దిగి పూత మెత్తబడినచో కాల్పు చాలలేదని అర్థము.

ఇంటి కష్టమంతయు ఇచ్చటనే యున్నది. రొట్టెలు కాల్చు కరెంటు పొయ్యిని ఇందులకు వాడినచో దానిని మరల తిండికి వాడరాదు. పాత బీరువాలో హీటరు చుట్టలు బిగించి పొయ్యిగ చేసికొను వారున్నారు. వేడిని అదుపుచేయు థర్మోస్టాటు లేని అట్టి పెట్టె నిప్పుల కుంపటితో సమానము. గ్యాసు మంటపై పెట్టెనుంచి కాల్చుట అంతకన్న చెడ్డది.

పొడి గాలిలో దట్టముగ లేచినపుడు ఒక్క నిప్పురవ్వ తగిలినను భగ్గున అంటుకొనును. కర్మాగారములలో ఘనపు మీటరు గాలికి 10 గ్రాములకు మించి పొడి నిలువకుండ గాలి లాగు యంత్రములు పెట్టెదరు. మన ఇంటి ముందు గదిలో ఏమున్నది? గుంటమగ్గము, పడుగు, కండెల బుట్ట, మూలలలో నూలు దుమ్ము. ఒకచోట అంటుకొన్న మంట అన్నింటికి పాకుటకు ఎంతసేపు పట్టును? మంట రాకపోయినను వేరొక నష్టము తప్పదు. గాలిలో తేలిన నల్లపొడి తెల్ల పడుగుపై వ్రాలును. అప్పుడు కంటికి ఆనదు. నేసిన బట్టకు ఇస్త్రీ పెట్టునపుడు ఆ పొడి కరగి చుక్కలు చుక్కలుగ అంటుకొనును. ఏ సబ్బుకు పోదు. అట్టి బట్టను సంఘము తీసికొనజాలదు, తీసికొన్నను అమ్మజాలదు. కాబట్టి మగ్గమున్న కప్పు క్రింద పొడి చల్లనే రాదు. ముక్కుకు గుడ్డ కట్టుకొనుట కూడ చాలదు. సన్నని ధూళిని ఆపు మాస్కు ఉండవలెను. చూలాండ్రను, పిల్లలను దరికి రానీయరాదు.

పొయ్యిలో పెట్టరాని సామాను కొన్ని యున్నవి. పెట్రోలు ట్యాంకు ఖాళీగ నున్నను లోపల ఆవిరి ఉండును. పేలి ప్రాణము తీయగలదు. వెనుక షాకబ్జార్బరును విప్పకుండ పెట్టిన లోపలి నూనె, గాలి వ్యాకోచించి పగులును. అల్యూమినియం చక్రములకు తయారీలోనే వేడిచే బలమిచ్చి యుందురు. మరల మరల కాల్చిన ఆ బలము తగ్గును. బ్రేకు డిస్కుకు పూత పూయరాదు. చాసిస్ నంబరు పూత క్రింద మునుగనీయరాదు.

మరియొక సంగతి మన సభ్యులు ప్రత్యేకముగ గమనింపవలెను. తమిళనాడు ప్రభుత్వము చేనేతవారికి రెండు నెలలకు ఇచ్చు ఉచిత విద్యుత్తును 2023లో 200 యూనిట్ల నుండి 300కు పెంచినది. అది నేతపని నిమిత్తము ఇచ్చినది. మూడు కిలోవాట్ల పొయ్యి గంటకు కాల్చునది మూడు యూనిట్లే గదా అని కొందరందురు. యూనిట్ల లెక్క కాదు, వాడుక లెక్క. 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను ప్రకారము ఒక పనికి పొందిన కరెంటును వేరొక పనికి వాడినచో రెట్టింపు రేటున కట్టవలసి వచ్చును. కూలికి పౌడరు పని చేయదలచినవారు వేరు సర్వీసు తీసికొనవలెను. మూడవ పిన్నుకు నిజముగ ఎర్తు కలదో లేదో వైరుమానుచే చూపించుకొనవలెను.

మా సలహా ఏమనగా, విప్పుట, కడుగుట, తుప్పు తీయుట, మరలు మూయుట, తిరిగి బిగించుట ఇంటివద్ద చేసికొని, చల్లుట, కాల్చుట మాత్రము కూలికి చేయు షాపునకు పంపుట. నూలు అద్దకమునకు పంపి నేత మనము నేయుట లేదా? ఎక్కువ శ్రమ తీసికొను పని శుభ్రము చేయుటయే గనుక కూలి రాబడిలో తగిన భాగము ఇంటనే నిలుచును. పొయ్యి, కంప్రెసరు కొనుటకు అప్పుచేయ నక్కరలేదు. పని నిలకడగ వచ్చుచున్నదని తేలిన తరువాత నలుగురు కలిసి ఊరి వెలుపల షెడ్డు వేసికొనుట వేరు సంగతి.

కడిగిన నీటి మాట కూడ చెప్పవలెను. అంటుకొనుటకు క్రోమియం మందులు వాడుడని ఎవరైన చెప్పినచో వినవద్దు. రాణిపేటలో 1990లలో మూతపడిన క్రోమేటు కర్మాగారము వదలిన లక్ష టన్నులకు పైబడిన వ్యర్థము వలన చుట్టుప్రక్కల భూమి, నీరు చెడినవి. తోళ్ల కర్మాగారముల నీటిచే పాలారు చెడిపోవుటపై వేలూరు పౌరుల సంఘము వేసిన వ్యాజ్యమున సుప్రీం కోర్టు 1996లో తీర్పు చెప్పినది. (మన అద్దకపు నీరును ఆ ఏటికే చేరుచున్నదని మరువరాదు.) సోడా కడుగునీటిపై తేలు నూనెను తీసి వేరుగ ఉంచవలెను. తుప్పు, పాత రంగు పెచ్చులను మడిచి పెట్టి ఉంచవలెను, కాలువలో వేయరాదు.

చివరగా పొడి సంగతి. ఎండకు నిలుచు సామానుకు పాలియెస్టరు పొడియే కొనవలెను. ఎపాక్సీ పొడి ఇంటిలోపలి వస్తువులకు మంచిదే గాని ఎండలో సున్నమువలె పొడిబారును. పాలియెస్టరులో టి.జి.ఐ.సి. అను మందు లేని రకము అడిగి తీసికొనవలెను. ఆ మందు దేహమునకు కీడు. కిలో పొడి, పూత మిల్లీమీటరులో నూటికి ఆరు వంతులుగ వేసిన, లెక్కకు సుమారు 11 చదరపు మీటర్లకు వచ్చును. రాలిపోవునది పోగా ఆరు, ఏడు మీటర్లు దక్కును. కాలిగార్డు, స్టాండు, క్యారియరు గల రెండు మూడు బండ్లకు అది ధారాళముగ సరిపోవును. షాపువారు పొడిని మనచేతనే తెప్పించినచో ఎక్కువ కొని నిలువ చేయరాదు. ముప్పది డిగ్రీలు దాటిన గదిలో అది గడ్డలు కట్టును. మన వేలూరు వేసవి సంగతి అందరికి తెలిసినదే. కత్తిరి ఎండలు పోయి నాలుగు వానలు పడిన తరువాత తెప్పించుకొని, మూత బిగించి, నీళ్ల కుండలకు దూరముగ చల్లని చోట ఉంచవలెను.