ఒకే పేరుతో రెండు తుపానులు, ఒకే తుపానుకు రెండు పేర్లు

2022 డిసెంబరు 9 రాత్రి మామల్లపురం దగ్గర తీరం దాటుతూ తిరుపతి, నెల్లూరు జిల్లాల్లో కుండపోత కురిపించిన మాండూస్‌కు పేరు పెట్టింది ఎవరో తెలుసా? యూఏఈ. ఇత్తడి మేకులు కొట్టిన చెక్క పెట్టెను అక్కడ మాండూస్ అంటారు. నగలూ విలువైన బట్టలూ దాచుకునే మన భోషాణం లాంటిదే.

మన సముద్రాల తుపానులకు 2004 నుంచి ఎనిమిది దేశాలు పేర్లు పెడుతూ వచ్చాయి. 2018లో యూఏఈతో సహా మరో అయిదు చేరాయి. 2020లో వచ్చిన కొత్త జాబితాలో దేశానికి 13 చొప్పున 169 పేర్లున్నాయి. యూఏఈ ఇచ్చినవాటిలో సముద్రం మీద బతికినవాళ్ల మాటలు ఎక్కువ. నహ్హామ్ అంటే ముత్యాల వేట పడవల్లో పాటగాడు. గర్గూర్ తీగతో అల్లిన చేపల బోను. బూమ్ ఒక రకం ఓడ. ఇంత చక్కని ఎంపిక ఇంకే దేశమూ చేయలేదని నాకనిపిస్తుంది.

అట్లాంటిక్‌లో ఆరేళ్లకోసారి పాత పేర్లే తిరిగొస్తాయి. 1959లో వచ్చిన ఆర్లీన్ 2023లోనూ వచ్చింది. కత్రినా లాంటి ఘోరాల పేర్లను మాత్రం పక్కన పెట్టేస్తారు. మన దగ్గర ఏ పేరైనా ఒక్కసారే. వేరే సముద్రాల జాబితాల్లో ఉన్న పేరూ పెట్టకూడదన్నది ఇప్పటి నియమం. పాత జాబితాలో అలా కలిసిన పేరు హెలెన్. 2008 జనవరిలో ఆస్ట్రేలియా ఉత్తర తీరాన డార్విన్ వైపు వచ్చిందీ హెలెనే, 2013 నవంబరు 22న మచిలీపట్నం దగ్గర తీరం దాటిందీ హెలెనే. మనదానికి ఆ పేరిచ్చింది బంగ్లాదేశ్.

ఇక తిరకాసు కథ. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తెలంగాణ, విదర్భల మీదుగా వెళ్లి అల్పపీడనంగా నీరసించింది. అరేబియా సముద్రం చేరాక మళ్లీ బలం పుంజుకుని అక్టోబరు 1న తుపానైంది. కొత్త పేరు షాహీన్. 3న ఒమన్ ఉత్తర తీరాన్ని తాకింది. పక్కనే ఉన్న యూఏఈ తూర్పు తీరం అప్రమత్తమైంది. శ్రీకాకుళంలో అమ్మానాన్నలు తడిసిన వారానికే గల్ఫ్‌లో ఉన్న పిల్లలు అదే తుపాను కోసం కిటికీలు బిగించుకున్నారు!

2018లో తమిళనాడు నుంచి కేరళ దాటి అరేబియాలో దిగిన గజకు మాత్రం పేరు మారలేదు. అది వాయుగుండం స్థాయికి దిగినా, గులాబ్‌లా అంతకన్నా బలహీనపడి అల్పపీడనం కాలేదు మరి.

జాబితాలో ఖతార్ ఇచ్చిన మూడో పేరు లులు, అంటే ముత్యం. ఎప్పుడైనా ఆ పేరు టీవీలో వినిపిస్తే అదే పేరున్న సూపర్‌మార్కెట్ వార్త అనుకుని వదిలేయకండి. ఏ తీరం వైపు వస్తోందో చూసి, అక్కడున్న మనవాళ్లకు వెంటనే ఫోన్ చేయండి.