సొల్యూషన్ మత్తు దిగాక

సీసాల్లో వైట్‌నర్, దాని థిన్నర్ చిల్లర అమ్మకాన్ని కేంద్రం 2012లో నిషేధించింది. పంక్చర్లు వేసే సొల్యూషన్ ట్యూబు మాత్రం ఇప్పటికీ ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. దాన్ని గుడ్డకు పూసి, గుప్పిట్లో దాచుకుని పీలుస్తారు పిల్లలు. 2019లో ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వే ప్రకారం పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా ఉన్న మత్తు ఇలాంటి ఆవిర్లు పీల్చడమొక్కటే. పెద్దల్లో 0.58 శాతం, 10-17 ఏళ్లవారిలో 1.17 శాతం.

వీటిలో చాలావాటిలో ఉండేది టొల్యూన్. కొవ్వులో ఇట్టే కరుగుతుంది, మెదడులో కొవ్వుకు కొదవ లేదు. పీల్చిన ఆవిరి సెకన్లలో అక్కడికి చేరి, మద్యంలాగే నాడీకణాల చురుకు తగ్గిస్తుంది. కాసేపట్లో మత్తు దిగిపోతుంది కాబట్టి మళ్లీ పీల్చాలి. ఆకలి తెలియదు. రోడ్డు మీద పడుకునే పిల్లవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఏళ్ల తరబడి పీలిస్తే నాడీతంతువుల మీది మైలిన్ పొర దెబ్బతిని నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది. మూత్రపిండాలు పొటాషియాన్ని అతిగా వదిలేస్తే కాళ్లలో సత్తువ పోయి లేవలేని స్థితీ వస్తుంది.

మరి మానేస్తే? ఇక్కడ వైద్యుల పుస్తకాలకే పొత్తు కుదరలేదు. అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5లో ఈ మత్తుకు విత్‌డ్రాయల్ అనే నిర్ధారణ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో ఉంది. నా ఓటు రెండోదానికే. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు, వికారం, అయినదానికీ కానిదానికీ కసురుకోవడం, గుడ్డ కోసం తహతహ. చూసేవాళ్లు పొగరనుకుని నాలుగు తగిలిస్తారు! దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. తిండి, నిద్ర, కౌన్సెలింగ్, పీల్చే జట్టుకు దూరంగా ఉండే చోటు, ఇవే వైద్యం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ ఆవిరి గుండెను అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది. ఆ స్థితిలో బెదిరినా, పరిగెత్తినా లయ తప్పి గుండె ఆగిపోవచ్చు, మొదటిసారి పీల్చినవాడికైనా సరే. 1970లో అమెరికా వైద్యుడు మిలార్డ్ బాస్ ఇలాంటి 110 హఠాన్మరణాలను నమోదు చేశారు. అందుకే పీలుస్తున్న పిల్లవాడు కనిపిస్తే కేకలేయకండి, తరమకండి. మెల్లగా మాటల్లో పెట్టి గాలాడేచోట కూర్చోబెట్టండి. మత్తు విముక్తికి హెల్ప్‌లైన్ 14446, పిల్లల సాయానికి 1098.