ఫారంలో ఎవరి పేరు రాయాలి?
పద్దెనిమిది నిండి అనాథాశ్రమం దాటిన పిల్లలకు మనం చేయగలిగింది ఎంతో

దమ్మాం: గల్ఫ్‌కు బయలుదేరే మన ఊరి కుర్రాడి వెనుక చాలామంది ఉంటారు. అప్పు పుట్టించే మేనమామ, వీసా సంగతి చూసే బావ, శంషాబాద్ దాకా వచ్చి సాగనంపే అన్న, ఇక్కడ దిగగానే గదిలో చోటిచ్చే ఊరివాడు. వీళ్లెవరూ లేకుండానే సౌదీ వచ్చే కుర్రాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు బాలల గృహాల్లో, అనాథాశ్రమాల్లో పెరిగి, 18 ఏళ్లు నిండగానే పెట్టె సర్దుకున్నవాళ్లు.

నేను ఇక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజర్‌ని. కొత్తగా వచ్చినవాళ్లకు ఫారాలు నింపి పెడుతుంటాను. ఆ మధ్య నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఏసీ టెక్నీషియన్ ఒకతను ‘అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి’ అన్న చోట ఆగిపోయాడు. ‘అన్నా, నాకు ఎవ్వరూ లేరు. మా వార్డెన్ సార్ పేరు రాయొచ్చా?’ అన్నాడు. పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. గ్యాస్ లీకు ఎక్కడుందో శబ్దం విని చెబుతాడు. అతనికి కొరతంతా ఆ ఫారం దగ్గరే.

అది చిన్న కొరత కాదు. ఇక్కడ ఎవరైనా చనిపోతే మృతదేహాన్ని ఇంటికి పంపాలన్నా, ఇక్కడే ఖననం చేయాలన్నా వారసుల సమ్మతి పత్రం కావాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వచ్చే కార్మికులకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్లకు రూ.275 కడితే ప్రమాద మరణానికి రూ.10 లక్షల రక్షణ ఉంటుంది. ఆ ఫారంలోనూ నామినీ పేరు అడుగుతారు. వెనకా ముందూ ఎవరూ లేరని తెలిస్తే దళారులకు ధైర్యం ఎక్కువ. అడగడానికి వచ్చేవాళ్లు ఉండరు కదా!

చట్టం వీళ్లను పూర్తిగా వదిలేయలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ గృహం నుంచి బయటకు వచ్చినవారికి 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణ ఇవ్వాలి. అవసరమైతే దాన్ని 23 వరకు పొడిగించవచ్చు. మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 సాయం ఉంది. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, పదేళ్లలోపే తల్లిదండ్రులను కోల్పోయి ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమాల్లో చేరిన అనాథలు బీసీ-ఏ జాబితాలోకి వస్తారు. ఆ ధ్రువపత్రం చేతిలో ఉంటే చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో దారి దొరుకుతుంది. గల్ఫ్ మాట ఆ తర్వాతే. కానీ ఏ ఆఫీసుకు వెళ్లాలో, ఏ కాగితం అడగాలో చెప్పే పెద్ద దిక్కు ఇంట్లో లేనప్పుడు ఇవన్నీ కాగితం మీదే మిగిలిపోతాయి.

సౌదీకే రావాలనుకుంటే ముందు చూడాల్సింది పదో తరగతి. అది పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడపిల్లలకైతే 30 ఏళ్లు నిండేదాకా ఇక్కడ పనికి అనుమతే దొరకదు. పుట్టిన తేదీకి ఆధారం లేదని పాస్‌పోర్టు ఆశ వదులుకోనక్కర్లేదు. 2016 డిసెంబరులో మారిన నిబంధనల ప్రకారం, అనాథాశ్రమ అధిపతి సంస్థ లెటర్‌హెడ్ మీద పుట్టిన తేదీని ధ్రువీకరించి ఇస్తే చాలు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ లాంటి పనులకు సౌదీ వాళ్ల ‘తకామొల్’ పరీక్ష ఉంటుంది. అంటే చేతిలో పని లేకుండా రావడం కుదరదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన ఫీజు రూ.30,000, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అనుమానించాల్సిందే. తెలంగాణ వాళ్లకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది.

అరబీలో ‘కఫీల్’ అంటే పూచీ పడేవాడు. మనకు తెలిసిన కఫీల్ వీసా ఇచ్చే యజమాని. అయితే అనాథను చేరదీసి బాధ్యత తీసుకోవడాన్ని కూడా ఇక్కడి వాళ్లు ‘కఫాలా’ అనే అంటారు. రియాద్‌లో ‘ఇన్సాన్’ సంస్థ పనిచేసేది అనాథల కోసమే. మన పిల్లలకు మొదటి రకం కఫీల్‌ను ఏజెంటు వెతికి పెడతాడు. రెండో రకం కఫీల్‌గా ఉండాల్సింది మనం.

మనలో చాలామంది పిల్లల పుట్టినరోజుకు ఊళ్లోని ఆశ్రమంలో భోజనాలు పెట్టిస్తారు. మంచిదే. ఆ డబ్బులో కొంత 17 ఏళ్ల కుర్రాడి ఐటీఐ ఫీజుకో, పనిముట్ల పెట్టెకో, పాస్‌పోర్టుకో పోతే ఇంకా మంచిది. డబ్బు ఇవ్వలేనివారు నెలకు రెండుసార్లు ఫోన్ చేయవచ్చు. అగ్రిమెంటులో జీతం ఎంత, పని ఏమిటో చదివి చెప్పవచ్చు. ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసి పెట్టవచ్చు. వచ్చినవాడికి తొలి మూడు నెలలు శుక్రవారం భోజనానికి ఒక ఇల్లుండాలి. ఇకామా చేతికి వచ్చిందా, జీతం బ్యాంకులో పడుతోందా అని అడిగే మనిషి ఒకరుండాలి. తెలుగు సంఘాలు తలచుకుంటే ఒక్కో నగరంలో పది కుటుంబాలు ముందుకు రావడం కష్టమేమీ కాదు.

ఈసారి సెలవు మీద ఊరెళ్లినప్పుడు దగ్గర్లోని బాలల గృహానికి వెళ్లండి. అక్కడి పెద్దలను ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ ఏడాది 18 నిండేవాళ్లు ఎంతమంది? వాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు?’ జవాబు విన్నాక వాళ్లలో ఒకరి ఫోన్‌లో మీ నంబరు వేసి రండి.