గుడ్డ దాటిన సముద్రం అమ్మాయీ దాటింది

శ్రీకాళహస్తి: కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరేసిన గుడ్డపై వెదురు కలంతో బొమ్మలు దిద్దడం ఈ ఊరి చేతివిద్య. ఇక్కడి కలంకారీ ఏనాడో సముద్రాలు దాటింది. విదేశీ ఫ్యాషన్ ప్రదర్శనల్లో తెలుగు అమ్మాయి కనబడటం మాత్రం అరుదు.

ఆ కొరత ఇప్పుడు తీరుతోంది. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి, పైచదువుకు న్యూయార్క్ వెళ్లిన కుమారి మండవ భవిత అక్కడి భూగర్భ రైలు స్టేషన్‌లో మోడళ్లను వెతికేవారి కంటబడ్డారు. 2024లో బొట్టెగా వెనెటా ప్రదర్శనలో తొలి అడుగు వేశారు. 2025 డిసెంబరులో ఫ్రెంచి సంస్థ షనెల్ న్యూయార్క్ రైలు స్టేషన్‌లోనే జరిపిన ‘మెటియే దార్’ ప్రదర్శనలో, జీన్సు ప్యాంటుతో అందరికంటే ముందు నడిచారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయ మోడల్ ఆమే.

చేతిపనివారి నైపుణ్యాన్ని చాటేందుకు ఏటా జరిపే ప్రదర్శన అది. నడిచింది మన పిల్ల. అలాంటి వేదికపై కలం పట్టిన చేతి పేరు కూడా వినబడితే ఈ ఊరికి అంతకన్నా ఏం కావాలి?