బీటా నుండి మరలివచ్చుట



గడచిన వేసవిలో నా పూర్వశిష్యుఁ డొకఁడు ఎల్లారెడ్డి నుండి బస్సులో కామారెడ్డికి వచ్చి, తన ఫోనును నా ముందుంచి, "సారూ, ఎన్నిసార్లు ఒత్తినా అప్‌డేటు కాలేదనే వస్తున్నది. మొత్తం తుడిచేయమంటారా?" అని యడిగెను. ఆ ఫోనులో వాని తండ్రి కడపటి దినముల ఛాయాచిత్రములు గలవు. ఆ చిత్రములకు వేఱు ప్రతి లేదు. తొందరపడవలదని చెప్పి ముందుగా సంగతి విచారించితిని.

వాఁడు కొన్ని మాసముల క్రిందట ఫోనులో బీటా ప్రతి నెక్కించుకొనెను. బీటా యనునది గ్రీకు లిపిలో రెండవ యక్షరము. తయారుచేయువారు తమలోఁ దాము జరుపుకొను మొదటి పరీక్ష ఆల్ఫా. పిమ్మట బయటివారి చేతి కిచ్చునది బీటా. క్రొత్త ప్రతిలో తెలుఁగక్షరములు సరిగాఁ గనఁబడునో లేదో చూడవలెనని వాని కుతూహలము. అది వట్టి చాపల్యము గాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనుల 11.2.5 ప్రతియందు "జ్ఞా" యను మన యక్షరము, నడుమ కంటికిఁ గానరాని యొక సంకేతముతోఁ గూడి వచ్చినప్పుడు, సందేశముల యాప్‌లు మూతపడుచుండెను. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమునకు మూర్ఛ దెచ్చుట చిత్రము! ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన 11.2.6 ప్రతితో దానిని సరిదిద్దెను. అప్పటికే పరీక్షలో నున్న 11.3 బీటాలో ఆ దోషము లేదు.

ఇఁక అప్‌డేటు ఏల విఫలమగును? పుస్తకము వెంట వచ్చు తప్పొప్పుల పట్టికను స్మరింపుఁడు. ఇన్నవ పుటలో, ఇన్నవ పంక్తిలో అని యుండును. అది అచ్చైన పుస్తకమునకుఁ దగినది. పుటలును పంక్తులును వేఱుగా నున్న ప్రూఫు ప్రతికి దానితో నేమి ప్రయోజనము? అప్‌డేట్లలోఁ బెక్కు లిట్టి పట్టికలే. పాత ప్రతికిని క్రొత్త ప్రతికిని గల భేదములను మాత్రమే పంపుదురు. బీటా ఫోనునకు అవి పొసఁగవు. ఫోను సరిచూచుకొని త్రోసివేయును. పూర్తి ప్రతిని దింపుకొనిన నీ చిక్కు లేదు. ఇంతకంటె సామాన్యమైన కారణములును గలవు: చోటు చాలకుండుట, సగము దిగిన ఫైలు మిగిలిపోవుట.

అసలు ప్రమాదము వెనుకకు మరలుటలో నున్నది. క్రొత్త ప్రతి వ్రాసిన సమాచారమును పాత ప్రతి చదువఁజాలకపోవచ్చును. కావున పాతదానికి దిగవలెనన్న ఫోను మొత్తము తుడువవలసి వచ్చును. గూగుల్ పిక్సెల్ ఫోనులలో తుది ప్రతి వెలువడక మునుపే బీటా నుండి తప్పుకొనిన వచ్చు అప్‌డేటు ఇట్టిదే. దానిని దింపుకొనక తుది ప్రతికై వేచియుండిన సమాచారము నిలుచును. ఐఫోనులో బీటాపైఁ దీసిన బ్యాకప్పు పాత ప్రతికిఁ బనికిరాకపోవచ్చును. బీటాకు ముందు తీసినదే శరణ్యము.

మొదట చిత్రముల నన్నింటిని కంప్యూటరులోనికిఁ దీసి, ఒక్కొక్కటి తెఱచి చూచితిమి. అదృష్టవశమునఁ దుది ప్రతి వెలువడియే యున్నది. బీటా నుండి వాని పేరు తొలఁగించి, సగము దిగిన ఫైలును తీసివేసి, పనికిరాని వీడియోలను చెఱిపి చోటు చేసి, ఫోను నాపి మరల వెలిగించి, ఛార్జింగు పెట్టి, మా యింటి వైఫైతోఁ బూర్తి ప్రతిని దింపించితిని. నలువది నిమిషములు పట్టెను. ఎల్లారెడ్డికిఁ బోవు చివరి బస్సు తప్పిపోయినది గాని, ఆ రాత్రి మా యింట భోజనము చేసి, వాఁడు ఆ ఫోనులోనే తండ్రి చిత్రములను మా యింటిల్లిపాదికిఁ జూపెను.